ఫ్యాన్ కింద బొట్టు

ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో ప్రమీలమ్మ జిరాక్సు షాపు ఎంత శుభ్రంగా ఉంటుందంటే, వచ్చినవాళ్ళు చెప్పులు విడవాలా వద్దా అని గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయిస్తారు. విడిచినవాళ్ళంటే ఆమెకు ప్రాణం. విడవనివాళ్ళ వెనకాలే చీపురు పట్టుకుని నడుస్తుంది. ఊళ్ళో ఆమె సంపాదించుకున్న పేరు అదొక్కటే, దాని మీద ఈగ వాలినా ఊరుకోదు.

అలాంటి మనిషి ఆయుధపూజకు కంప్యూటర్ని పైపైన తుడిచి వదిలేస్తుందా? లోపల చెయ్యి పెట్టడానికి భయపడి మూడేళ్ళుగా వదిలేసింది గానీ, ఈసారి ధైర్యం చేసి స్క్రూలు విప్పేసింది. బ్రష్షుతో మూలమూలా దులిపింది. చివరికి ఫ్యాన్ కూడా ఊడదీసింది. దాని కింద కనిపించినదాన్ని చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి. బూడిదరంగు పూత. ఎండిపోయిన విభూతి!

ఆ కంప్యూటర్ని బిగించి ఇచ్చినవాడు జయపాల్. ఉదయగిరి నుంచి వచ్చి ఇక్కడ రిపేరు షాపు పెట్టుకున్నాడు. బాప్టిస్టు కుటుంబం, ఆదివారం చర్చి తప్పడు. అలాంటివాడు తన కోసం, ఎవరికీ కనబడని చోట విభూతి పెట్టి, ఇన్నేళ్ళలో ఒక్క మాటైనా చెప్పుకోలేదే! ఎంత మంచివాడమ్మా అనుకుంది. పాతదాన్ని తళతళా తుడిచేసి, గంధం గట్టిగా కలిపి గుండ్రంగా బొట్టు పెట్టి, నడుమ కుంకం అద్ది, ఫ్యాన్ బిగించింది. పూజలో పెట్టింది జయపాల్ తినడని తెలుసు గనక, బొరుగుల ఉండలు చుట్టగానే అతని కోసం ఒక డబ్బా ముందే తీసి పక్కన పెట్టింది.

పండగ వెళ్ళిన మూడోనాడు, పూజ తర్వాత మొదటిసారిగా షాపు తెరిచీ తెరవకముందే అనంతసాగరం నుంచి అశ్విత వచ్చి కూర్చుంది. డిగ్రీ చదివే పిల్ల, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసుకుని సాయంత్రంలోగా కాలేజీలో ఇవ్వాలి. ప్రమీలమ్మ స్విచ్చి నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర వెలిగింది, పది లెక్కబెట్టేలోగా అంతా ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. ప్లగ్గు మార్చింది. వైర్లన్నీ పీకి గుచ్చింది.

"ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దండి ఆంటీ, మా ఇంట్లో అట్లే చేస్తాం" అంది అశ్విత.

అదీ అయింది. లాభం లేదు. చేసేది లేక జయపాల్‌కు ఫోన్ కొట్టింది.

జయపాల్ వచ్చి, ఫ్యాన్ తీసి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు. గంధం బొట్టు ఎండి పెచ్చులు కట్టి ఉంది, నడుమ కుంకంతో సహా.

"అక్కా, ఇదేంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు పెట్టిన విభూతి ఎండిపోయుంటే తుడిచి, కొత్తగా గంధం పెట్టినాను."

"అది విభూతి కాదక్కా, పేస్టు. కింద ఉండే చిప్పు వేడిని పైకి లాగేదానికి పూస్తాము. అది లేకపోతే చిప్పు కాగిపోయి, దానంతట అదే ఆరిపోతాది."

ప్రమీలమ్మకు ముందు మనసు చివుక్కుమంది, అయితే ఇతను ఏమీ పెట్టలేదన్నమాట అని. ఆ వెంటనే వెనక్కి తిరిగి చూసింది. రెండడుగుల దూరంలో అశ్విత ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ ఉంది. ఈ పిల్ల చెవిన పడితే సాయంత్రానికి అనంతసాగరం షేర్ ఆటోలన్నీ ఈ కథనే మోసుకుపోతాయి. కంప్యూటర్‌కు కడుపులో బొట్టు పెట్టిన ప్రమీలమ్మ!

జయపాల్ బొట్టు తుడిచి, పేస్టు పూసి, ఫ్యాన్ బిగించాడు. స్విచ్చి నొక్కాడు. తెర వెలిగింది, ఈసారి ఆరలేదు.

"ఏమైందన్నా దీనికి?" అశ్విత లేచి వచ్చింది.

జయపాల్ ప్రమీలమ్మ వైపు ఒకసారి చూసి, అబద్ధమాడాడు. "ఏం లేదు పాపా. లోపల దుమ్ము చేరుండాది, తీసేసినాను."

ఆమె పరువు కాపాడదామనే పాపం ఆ మాట అన్నాడు. ఆమె కూడా నోరు మూసుకుంటే బొట్టు సంగతి అక్కడితో సమాధి అయ్యేది. ప్రమీలమ్మ మూసుకుందామనే చూసింది. వల్ల కాలేదు.

"దుమ్మా? నా మిషన్లోనా? ఏంది జయపాలూ ఆ మాట! ఇట్లా రామ్మే అశ్వితా, నేను చెప్తాను. దుమ్మూ లేదు, ధూళీ లేదు. ఫ్యాన్ కింద గంధం బొట్టు పెట్టినాను, కుంకం కూడా పెట్టినాను. అందుకే ఆగిపోయింది!"

అశ్విత బల్ల పట్టుకుని నవ్వింది. అంతసేపూ బిగబట్టుకున్న జయపాల్ కూడా నవ్వాడు. వాళ్ళను చూసి ప్రమీలమ్మకూ నవ్వు ఆగలేదు. ఇంత హాయిగా ఉంటుందని ముందే తెలిస్తే మొదటే చెప్పేసి ఉండేది. లోపలికెళ్ళి ఉండల డబ్బా తెచ్చి జయపాల్ చేతిలో పెట్టింది.

"పూజకు ముందే తీసినాలే, తిను."

"విభూతి నేను పెట్టలేదు గదక్కా, మళ్ళీ ఇదెందుకు?"

"పెట్టినావనుకునే చుట్టినాను. చుట్టినాక ఏం చేసేది? తిను."

ప్రింటర్ కాగితాలు వదలడం మొదలుపెట్టింది. అశ్విత కళ్ళు తుడుచుకుంటూ, "ఆంటీ, దీన్ని మా ఊళ్ళో చెప్పుకోవచ్చా?" అంది.

"చెప్పుకో" అంది ప్రమీలమ్మ. "దుమ్ము లేదని మాత్రం ముందు చెప్పు."