రామచంద్రం కోయించిన డబ్బా

నకిరేకల్ రోడ్డు మీద పన్నెండేళ్లుగా కార్లు బాగుచేస్తున్న వహీద్‌కు ఇద్దరంటే ఒళ్లు మంట. కారు గురించి ఏమీ తెలియనివాడు ఒకడు, అన్నీ తెలుసనుకునేవాడు ఇంకొకడు. సిమెంటు వ్యాపారి రామచంద్రంలో ఆ ఇద్దరూ ఒకే చొక్కా తొడుక్కుని తిరిగేవారు. పైగా వహీద్ షెడ్డు ఉన్న జాగా అతనిదే.

తొంభై ఏడు ఎండాకాలం. నెల కిందట రైసుమిల్లు గోపయ్య కారు గుట్ట ఎక్కలేక మొరాయిస్తే బాగుచేసింది వహీదే. మద్రాసులో కొన్న ఆ కారుకు సైలెన్సర్ ముందు, పొగను శుభ్రం చేసే డబ్బా ఒకటుంది. సీసం లేని పెట్రోలు పోస్తేనే అది బతుకుతుంది. ఇక్కడి బంకుల్లో దొరికేదేమో సీసం కలిసిన పెట్రోలు. రెండేళ్లు అదే తాగి డబ్బా లోపలి సన్నటి రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. పొగ పోయే దారి లేక ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. వహీద్ డబ్బా కోసేసి, దాని చోట ఉత్త గొట్టం అతికించాడు. కారు ఉరకలెత్తింది.

ఆ ఉరుకుడు రామచంద్రం కళ్లలో పడింది. గోపయ్యకూ అతనికీ ఉప్పూ నిప్పూ. రెండు నెలల కిందట తనూ మద్రాసు నుంచే కొత్త కారు తెచ్చుకున్నాడు. కొన్నాళ్లుగా దానికి పికప్ లేదు. తన డబ్బా కూడా కోసెయ్యమని వచ్చి కూర్చున్నాడు.

వహీద్ ఇంజను నడిపించి, సైలెన్సర్ గొట్టం వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. గాలి గట్టిగానే తన్నుతోంది.

"సేటూ, పొగ మంచిగ పోతాంది. డబ్బా కోస్తే మోత తప్ప ఏం రాదు. రోజూ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు తిరుగుతున్నవ్, ముందుగాల ఎయిర్ ఫిల్టర్ జర చూడనియ్యి" అన్నాడు.

రామచంద్రం ససేమిరా అన్నాడు. గోపయ్యకు చేసిన పని తనకు చెయ్యనంటున్నాడంటే వాడి దగ్గర్నుంచి ఏదో ముట్టిందని నలుగురి ముందూ నోరు పారేసుకున్నాడు. బానెట్ ముట్టుకోనివ్వలేదు.

"కోస్తవా, లేకుంటే నా జాగా ఖాళీ చేస్తవా?"

వహీద్ పొమ్మందామనుకున్నాడు. కానీ ఈ షెడ్డు పోతే ఇల్లు గడవదు. ఇంట్లో భార్య ఖాతూన్ మొహం గుర్తొచ్చింది. డబ్బా కోసేసి గొట్టం అతికించాడు.

మర్నాడు కారు ఊరి బయట ఉండగానే దాని మోత వినిపించింది. బస్టాండులో జనం ట్రాక్టర్ అనుకున్నారు. రామచంద్రం దిగీ దిగకముందే తిట్లు లంకించుకున్నాడు. గుట్ట దగ్గర గోపయ్య తనను దాటిపోయాడట, పోతూ పోతూ హారన్ కూడా కొట్టాడట. వహీద్ కావాలనే బండిని పాడుచేశాడట.

"నువ్వు చేతగానోనివి. గీ ముచ్చట ఊరంత చెప్త. సామాను తీస్కొని నడువు."

వహీద్ నేరుగా వెళ్లి బానెట్ ఎత్తాడు. ఈసారి అడ్డొస్తే ఊరుకునేలా లేడని రామచంద్రానికి కూడా తెలిసినట్టుంది. ఇంజను గాలి పీల్చుకునే ఫిల్టర్ ఊడదీసి షెడ్డు ముందున్న బండ మీద దులిపితే బూడిదరంగు సిమెంటు దుమ్ము కుప్పగా రాలింది.

"ముక్కుల దూది కుక్కుకొని కడుపు కోయించుకున్నవ్ సేటూ" అన్నాడు వహీద్. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఫిల్టర్ మళ్లీ బిగించగానే కారు ఒక్క ఊపున ముందుకు దూకింది. మోత మాత్రం తగ్గలేదు. రామచంద్రం ఊరంతా ఒక చుట్టు తిప్పాడు. ప్రతి అరుగు మీదా జనం తలెత్తి చూసి నవ్వుతుంటే తట్టుకోలేక తిరిగొచ్చాడు. గొంతు తగ్గించి, డబ్బా మళ్లీ అతికించమన్నాడు, జాగా సంగతి మర్చిపొమ్మన్నాడు.

అప్పటికే వహీద్ వెల్డింగ్ సామాను తోపుడుబండి మీదకెక్కించాడు. భయం లేక కాదు. రేపు ఎక్కడ పని దొరుకుతుందో అతనికే తెలియదు. కానీ చేతగానివాడు అన్న మాటను మింగడం అతనివల్ల కాలేదు. కోసిన డబ్బాను తెచ్చి రామచంద్రం చేతుల్లో పెట్టాడు.

"నీ జాగా ఖాళీ చేసిన సేటూ. గిక్కడ ఇగ మెకానిక్ లేడు."