అధ్యాయములకందని పాప

శరత్కాల ప్రభాతము. రాత్రి యంతయు వెన్నెలలో నోలలాడి యలసిన సాగరము భీమునిపట్టణపు సైకతములపై మందతరంగహస్తములు చాచి నిద్రాభారమున నూర్పులు విడుచుచుండెను. తుషారార్ద్రములైన సరుగుడుతోపుల నడుమనుండి జాలువాఱిన బాలభానుని కనకకిరణములు తీరమున కెదురుగా నున్న యొక పెంకుటింటి యరుగుపై గూర్చుండిన సౌదామినీదేవి నెరసిన కురులను నెమ్మదిగా నిమురుచుండెను.

ఆమె యొకప్పుడు కళాశాలలో జంతుశాస్త్రము బోధించిన విదుషి. క్రిందటి వేసవిలో మస్తిష్కమున రక్తనాళ మొకటి చిట్లుటచే మృత్యుముఖమును జూచి మరలివచ్చెను. వచ్చెనే గాని యామె జ్ఞాపకములు వరుస దప్పెను. ప్రతి జ్ఞాపకమును రత్నమువలె వెలుగుచునే యుండును. ఏది ముందో యేది వెనుకయో మాత్రము తెలియదు. అవి మాసిపోకమునుపే తన జీవితకథను వ్రాసికొనవలెనని యామె తపించుచుండెను.

భర్త త్రివిక్రమరావు ఓడరేవులో జలమార్గముల పటములు గీసి విశ్రాంతి గైకొన్న పరమక్రమప్రియుడు. ఆతడు భార్య చరవాణిలో నొక యాప్ నమర్చి కాండములు అధ్యాయములు ఘట్టములు నని మహావృక్షశాఖలవలె నామె బ్రతుకునంతయు జక్కగా విభజించి యిచ్చెను. మేనకోడలు తరులత మఱియొక యాప్ జూపెను. అందు వరుస లేదు. తోచినది తోచినట్లు చీటీగా వ్రాసికొని యొక్క చీటీని ఎన్ని చీటీలకైనను ముడివేయవచ్చును.

“క్రమము లేనిచో నది గ్రంథ మెట్లగునే?” యని త్రివిక్రమరావు నవ్వెను. సౌదామిని కాదనలేకపోయెను.

పెక్కుదినము లామె యా శాఖల నడుమ స్వప్నమున దారి దప్పిన పథికురాలివలె దిరుగాడెను. ఆ యుదయమున విభాగముల నన్నిటిని మెల్లగా జదివి తలయెత్తి యడిగెను.

“ఏమండీ, ఇందు మన పాప యేదండీ?”

పురిటిలోనే కన్నుమూసిన యా శిశువు ఊసును ఏండ్లు గడచినను ఆ యింట నెవ్వరు నెత్తియుండలేదు. ఆతని ముఖము వివర్ణమయ్యెను. ఆతడు నాలవ యధ్యాయమునకు నైదవదానికిని నడుమ నొక పంక్తి చేర్చి “ఇదిగో, ఇచ్చట నుంచితిని” అనెను.

సౌదామిని తల యడ్డముగా నూపెను. “అది యొక్కచోట నుండెనా యేమి? నేను పాఠము చెప్పునప్పుడు ముందుబల్లపై గూర్చుండెను. తరులత పెండ్లిలో నా కొంగు పట్టుకొని తిరిగెను. ఆసుపత్రిలో నేను కన్ను విప్పినప్పుడు నా ప్రక్కనే యుండెను. ఒక్క గదిలో బెట్టి తలుపు మూసితిమా, ఏడ్చునండీ.”

ఆతడు తాను గీసిన శాఖల నన్నిటిని మూసివైచి తరులత చూపిన యాప్ దెఱచెను.

“నాదియు నొకటి ముడివేయుము. రేవులో పటము గీయుచుండగా బడి విడిచిన పిల్లలు గోడవెంట బోయెడివారు గదా. కలము నాపి వినెడివాడను.”

“మీకును గనబడెడిదా?”

“కనబడలేదే. వినబడెడిది.”

సౌదామిని యాతని చేయి పట్టుకొనెను. క్రొత్తచీటీ తెల్లగా విచ్చికొని శిరోభాగమున పేరు వ్రాయుమని యడిగెను. దంపతులిరువురు నొకరి మోము నొకరు చూచుకొనిరి. పేరు పెట్టులోపలనే పోయిన బిడ్డ! సౌదామిని కన్నులు మూసికొని యెచ్చటనుండియో వినవచ్చిన పిలుపునకు బదులు పలుకుచున్నట్లు “అరుంధతి” యనెను.

పురుడు వెళ్లిన యింట బియ్యపు పళ్లెరములో బిడ్డ నామము వ్రాయు తండ్రివలె త్రివిక్రమరావు చూపుడువ్రేలితో నొక్కొక్క యక్షరమును మెల్లమెల్లగా లిఖించెను.