చెడ్డగాలి, పది గరిటెలు

మురుగు కాలువలో పదో గరిటె ముంచి పైకి తీసేసరికి ఆమెకు తిన్నదంతా గొంతు దాకా వచ్చింది. నల్లటి నీళ్ళ మీద వెంట్రుకల ఉండ, నానిన గుడ్డుపెంకు, ఎవరి పుండు మీద నుంచో ఊడిన కట్టుగుడ్డ. ముక్కుకు రుమాలు అదుముకుని గరిటెలోది తెల్లటి పళ్ళెంలో పోసి చూసింది. దోమ పిల్లలు బిలబిలలాడుతున్నాయి. అన్నీ తోక పైకి, తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి. మలేరియా దోమ పిల్ల అలా వేలాడదు. నీటి పైపొరకు అంటుకుని, పరుపు మీద పడుకున్నట్టు అడ్డంగా పడుకుంటుంది. తొమ్మిది గరిటెల్లో అలాంటిది కనబడలేదు, పదో దాంట్లోనూ లేదు. పుస్తకంలో సున్నా వేసింది.

"ఉప్పు సరిపోయిందా గరిటమ్మా?" అని గడపలోంచి అడిగింది పిన్ని.

మున్సిపాలిటీ దోమల విభాగంలో ఆమె ఉద్యోగం. ఏ నీళ్ళయినా సరే పదిసార్లు ముంచి, లెక్కపెట్టి రాయాలి, అదీ పద్ధతి. చేతిలో పొడుగు కాడ గరిటె ఎప్పుడూ ఉండబట్టి కాలువ సందు వాళ్ళు ఆమెకు గరిటమ్మ అని పేరు పెట్టారు. ఆ సందులోనే పిన్ని దగ్గర పెరిగి, ఆ కాలువ పక్కనే దీపం పెట్టుకుని డిగ్రీ చదివింది. కంపు చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. అయినా రుమాలు లేనిదే గరిటె ముంచలేదు.

రెండు వారాల్లో ఊళ్ళో పంతొమ్మిది మందికి మలేరియా వచ్చింది. పద్నాలుగు మంది ఈ సందు వాళ్ళు, అయిదుగురు సందు గోడకు ఆనుకుని ఉన్న మున్సిపల్ ఆఫీసు సిబ్బంది. జ్వరాలకు కారణం కాలువే కాబట్టి వారంలోగా సందంతా ఖాళీ చేయించాలని చైర్మన్ కాగితం తయారు చేయించాడు. కాలువలో మలేరియా దోమ పిల్లలు ఉన్నాయని దోమల విభాగం సంతకం చేస్తే చాలు, కాగితం పైకి వెళ్ళిపోతుంది. పదకొండు గంటలకు ఆఫీసు హాల్లో సమావేశం. సందు జనాన్నీ రమ్మన్నారు.

"సంతకం పెడతావా ఏంటే?" అంది పిన్ని, ఈసారి నవ్వకుండా.

"చూసిందే రాస్తాను పిన్నీ. ఇంకా చూడాల్సింది ఉంది."

జ్వరం వచ్చిన మనిషి చుట్టుపక్కల ఉన్న ప్రతి నీటినీ ముంచి చూడాలి. సందు అయిపోయింది, ఆఫీసు మిగిలింది. ఆమె గరిటె భుజాన వేసుకుని ఆఫీసు మేడ ఎక్కింది.

మేడ మీద తాగునీళ్ళ ట్యాంకుకు మూత లేదు. నిరుడు ఆ రేకు మూత ఊడదీసి, రంగు వేసి, 'పరిశుభ్ర పట్టణానికి స్వాగతం' అని రాయించి ఊరి మొదట్లో నిలబెట్టారు. ట్యాంకులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వాసన లేదు, మసక లేదు. మొదటి గరిటె పళ్ళెంలో పోయగానే మూడు పిల్లలు అడ్డంగా, హాయిగా పడుకుని తేలాయి. పది గరిటెలకు ఇరవై మూడు. నిన్న మధ్యాహ్నం ఈ ట్యాంకు నీళ్ళే కుళాయి తిప్పి రెండు గ్లాసులు తాగిన సంగతి గుర్తొచ్చింది.

హాల్లోకి అడుగు పెడితే గులాబీ సెంటు గుప్పున కొట్టింది. సందు జనం వస్తున్నారని పొద్దుటే మూల మూలకీ చల్లించారట. అడుగున ఫినాయిల్, పైన గులాబీ. ఆమె మళ్ళీ రుమాలు తీసి ముక్కుకు అదుముకుంది.

వేదిక మీద చైర్మన్ పక్కన ఆమె కాలేజీ ఇంగ్లీషు మాస్టారు కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక ఆయన చైర్మన్ గారి ఉపన్యాసాలకు మెరుగులు దిద్దుతున్నాడు. జనానికి అర్థమయ్యేలా మలేరియా అనే మాట పుట్టుక చెప్పమన్నారు, చెప్పాడు. అది ఇటలీ వాళ్ళ మాట, చెడ్డగాలి అని అర్థం. చిత్తడి నేలల పక్కన బతికే వాళ్ళకు జ్వరాలు వస్తుంటే, కుళ్ళు నుంచి లేచే గాలే కారణమనుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది. అక్కడా మొదట్లో దాని అర్థం జ్వరం కాదు, గాలి. ఫలానా చోట మలేరియా ఎక్కువ అంటే అక్కడి గాలి విషమని అర్థం. నీతి చెడ్డ చోట్లను తిట్టడానికి కూడా కొందరు వాడారు. అంతవరకు చక్కగా చెప్పి, గ్లాసులో సగం నీళ్ళు తాగి కూర్చున్నాడు.

"విన్నారుగా," అన్నాడు చైర్మన్. "పేరులోనే ఉంది. ఆ గాలి ఎక్కడుందో మీ ముక్కులే చెబుతాయి."

ఆమెకు మాస్టారి పాఠం మొత్తం గుర్తుంది. మాట గాలిని వదిలి జ్వరానికి అంటుకుందనీ, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అసలు దొంగ దోమ అని తేలిందనీ, గాలి నిర్దోషిగా బయటపడినా మాట మాత్రం పాత చొక్కా విప్పలేదనీ చెప్పింది ఈయనే. ఆ పాఠం విన్నాకే ఆమె ఈ పని మీద మనసు పడింది.

"మాస్టారూ, మిగతా సగం?" అంది వెనక నుంచి.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "టైము లేదమ్మా. ఇంతవరకే చెప్పమన్నారు."

చైర్మన్ కాగితం, పెన్ను ముందుకు తోశాడు. "సంతకం పెట్టమ్మా. వంటింటి సామాను కూడా తెచ్చావే."

సిబ్బంది నవ్వారు. ఆమె పెన్ను తీసుకోలేదు. చైర్మన్ ముందున్న నిండు గ్లాసు తీసి తెల్ల పళ్ళెంలోకి నెమ్మదిగా ఒంపింది. నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఆగింది. ఒక సన్నటి పిల్ల పైకి తేలి అడ్డంగా పడుకుంది. దాని పక్కన రెండోది.

"మీ మేడ మీద ట్యాంకు నీళ్ళండీ ఇవి. మూత ఊరి మొదట్లో స్వాగతం పలుకుతోంది. ఇందులో పుట్టిన దోమలే గోడ దాటాయి. జ్వరం సందు వైపు నుంచి ఇటు రాలేదు, ఇటువైపు నుంచే అటు వెళ్ళింది."

ముందు వరుసలో పిన్ని లేచి పళ్ళెంలోకి తొంగిచూసింది. ఆమె వెనక సందంతా వచ్చింది. మాస్టారు తన సగం గ్లాసు కేసి చూసుకున్నాడు. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కునే తొట్టి వైపు పరుగెత్తాడు. ఆయన కక్కుతున్న చప్పుడు హాలంతా వినిపించింది. ఆ తొట్టి కుళాయికి వచ్చేదీ అదే నీరు.

అప్పుడు ఆమె పెన్ను తీసుకుని చైర్మన్ కాగితం మీదే రాసింది. కాలువ: పది గరిటెలు, సున్నా. ఆఫీసు ట్యాంకు: పది గరిటెలు, ఇరవై మూడు. రాసింది పైకి చదివి, కింద సంతకం పెట్టింది. సందు జనం అందరూ విన్నారు. చైర్మన్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులోకి తోసుకున్నాడు. ఇక అది పైకి వెళ్ళే కాగితం కాదు.

బయటికి వస్తుంటే తొట్టి దగ్గర మాస్టారు మూతి తుడుచుకుంటూ, "చెప్పాల్సిందమ్మా," అన్నాడు.

"మీరు చెప్పింది అబద్ధమూ కాదు మాస్టారూ," అంది. "అదే అసహ్యంగా ఉంది."

పిన్ని ఇంట్లో గరిటె కడిగి, చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకుంది. పిన్ని మంచినీళ్ళు ఇస్తే వెలుతురుకు ఎత్తి పట్టి చూసి గానీ తాగలేదు. కాలువ ఎప్పటిలాగే కంపు కొడుతోంది. దాన్ని బాగు చేయించే మాట హాల్లో ఎవరి నోటా రాలేదు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇంకా కాలువ వాసనేనా?" అంది పిన్ని.

"కాదు పిన్నీ, గులాబీ. సబ్బు ఇటివ్వు."