మ్యూట్ బటన్ మీద వేలు

తోమాసు మైకును వేలితో తట్టి "చెక్, చెక్" అన్నాడు. ఘాజియాబాద్ పొగమంచులో ఆ మాట మైదానం చివరిదాకా వెళ్ళింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా వైర్లు మాత్రం ఒక్క మెలిక లేకుండా పరిచాడు. రేపల్లె నుంచి వచ్చిన మనిషి, ఈ ప్రైవేటు స్కూల్లో ఎలక్ట్రీషియన్. పొట్టిగా, చెవుల దగ్గర నెరిసిన జుట్టుతో, ఎవరికీ గుర్తుండని ముఖం. ఆదివారం చర్చిలో పాస్టరుగారి మైకు చూసేదీ అతనే.

స్కూలు అసెంబ్లీలో అతనికి ఇంకో పని ఉంది. టీచర్లు దిద్ది ఇచ్చిన ప్రసంగం దాటి ఏ పిల్లయినా మాట్లాడితే ప్రిన్సిపాల్ మేడం కళ్ళజోడు తీస్తుంది. వెంటనే తోమాసు మైకు మ్యూట్ బటన్ నొక్కాలి. ఆపైన స్టేజీ ఎక్కి, బాగున్న వైరునే బాగుచేస్తున్నట్టు నటించాలి. పిల్లలకేం తెలుస్తుందిలే అని పెద్దల ధీమా! తెలియకేం, వాళ్ళకు బాగా తెలుసు. అందుకే ఈమధ్య ఎవరూ హద్దు దాటడం లేదు.

ఆరోజు పరిశుభ్రత మీద మాట్లాడాల్సింది తొమ్మిదో తరగతి హారిక. తెలుగు పిల్లే, సగం మాటలు హిందీలో వస్తాయి. కాగితం పట్టుకుని అతని దగ్గరికొచ్చింది.

"అంకుల్, పైన గర్ల్స్ టాయిలెట్ల సంగతి చెబితే మైకు బంద్ కర్ దేంగే ఆప్?"

దసరా సెలవుల నుంచి వాటికి తాళం. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి మెరిపించి ఉంచారు. ఆడపిల్లలు బడిలో మంచినీళ్ళు తాగడమే మానేశారు.

"నీ కాగితంలో ఉందామ్మా ఆ మాట?"

"మేడం ఒక్క లైనే కొట్టేసింది. మిగతా రెండూ నేనే కొట్టేశా అంకుల్. ఎలాగూ ఆపేస్తారు కదా."

తోమాసుకు ఒళ్ళు మండింది. మేడం మీద మండింది, తన మీద అంతకన్నా ఎక్కువ మండింది.

"నేను ఆపను తల్లీ. చెప్పాలనుకున్నది చెప్పు."

"ఔర్ ఆప్‌కీ నౌకరీ?"

"నా సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు గొంతు వణక్కుండా చూస్కో, చాలు."

స్టేజీ ఎక్కాక హారిక గొంతు మొదట్లో వణికింది. తర్వాత నిలదొక్కుకుంది. టాయిలెట్ల మాట రాగానే మేడం కళ్ళజోడు తీసింది. తోమాసు చేతులు కట్టుకున్నాడు. ఆమె కళ్ళజోడు గాల్లో ఊపింది. తోమాసుకు ఇంటద్దె, ఇంటి దగ్గర భార్య ప్రేమకుమారి, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అయినా చేయి కదపలేదు. కొట్టేసిన లైన్లన్నీ హారిక చెప్పేసింది. వెనక వరసల్లో మొదలైన చప్పట్లు ముందు వరసలకు పాకాయి.

అసెంబ్లీ అవగానే మేడం పిలిపించింది.

"బటన్ ఖరాబ్ థా క్యా, తోమాస్?" అనడిగింది, నెమ్మదిగానే.

ఔనంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"బటన్ ఠీక్ హై మేడం. మైనే నహీ దబాయా." నేనే నొక్కలేదని తలెత్తి చెప్పాడు.

రేపటి నుంచి రావద్దంది మేడం. తోమాసు వైర్లన్నీ చుట్టి, మైకు గదిలో సర్దిపెట్టి, గేటు దాటి పొగమంచులో కలిసిపోయాడు.

ఇంటర్వెల్లో హారిక పరుగెత్తుకుంటూ మైకు గదికి వచ్చింది, పైన తాళాలు తీశారని చెప్పడానికి. గదిలో ఎవరూ లేరు. క్యాంటీన్ వాళ్ళు రోజూలాగే పెట్టివెళ్ళిన టీ గ్లాసు బల్లమీద ఉంది, మీగడ కట్టి, చల్లారిపోయి.