ఇరవై మూడో తల

"పోటు! పోటు వచ్చేస్తోంది!" అని మైరెడ్ గొంతు చించుకుని అరిచింది. ఎదురుగాలికి ఆ మాటలో ఊపిరి ఎక్కువైందో ఏమో, ఇసుక మీదున్న మా యాత్రికులకు అది "ఫోటో! ఫోటో!" అని వినపడింది. అందరూ జుట్టు సర్దుకుని, పళ్ళు బయటపెట్టి వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక సముద్రం, తనూ ఫోటోలో పడాలన్నంత తొందరగా వస్తోంది.

నా పేరు ఫెర్కర్. స్కాట్లండ్ పడమటి తీరంలో ఇదే రోడ్డు మీద ఇరవై ఆరేళ్ళుగా టూరిస్టు బస్సు తోలుతున్నాను. మైరెడ్ మా గైడు, ఐర్లండ్‌లో డెర్రీ ఊరి పిల్ల. ఇరవై ముగ్గురికి ఐర్లండ్ ఊళ్ళు చూపించి, ఓడెక్కించి, మా గడ్డ మీదికి తెచ్చింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళింది కప్పు లేని పాత చర్చి ఉన్న చిన్న లంకకు. ఆటు వేళ ఇసుక మీద నడిచి వెళ్ళొచ్చు, అది ఆటే. పోటు వేళ నడిస్తే ప్రాణమే పోటీలో పెట్టినట్టు.

మైరెడ్ గొడుగు పట్టుకుని పరుగెత్తి అందరినీ గొర్రెల్లా తోలుకొచ్చింది. అంతలో వాన. అందరూ రెయిన్‌కోటు టోపీలు ముఖం మీదికి లాక్కుని సీట్లలో ముడుచుకున్నారు.

"ఇరవై రెండు, ఇరవై మూడు. పోనివ్వండి ఫెర్కర్ గారూ!"

"సముద్రాన్ని వదిలేసి పోవాలంటే బాధగా ఉందమ్మాయ్."

"బాధ తర్వాత పడుదురుగానీ, ముందు గేరు పడనివ్వండి."

నాలుగు మైళ్ళు వెళ్ళాక వెనక సీట్లోంచి కేక.

"ఒరేయ్ ఫెర్కరూ! నా గేటు దాటించేస్తున్నావేంట్రా?"

మా ఎఫీ పిన్ని. సముద్రపు నత్తలు ఏరుకోవడానికి తీరానికి వస్తుంటుంది. మా వైపు రోడ్డున నడిచే మనిషిని వదిలేసి బండి పోదు. తలుపు తీస్తాం, ఎక్కుతారు. ఒకరు అడిగేది లేదు, ఒకరు చెప్పేది లేదు. తీసిన సంగతి తీసినవాడికే గుర్తుండదు.

పిన్ని బకెట్టుతో దిగింది. మైరెడ్ నా పక్కకొచ్చింది.

"ఆవిడెప్పుడెక్కారు?"

"నువ్వు లెక్కపెట్టకముందే."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లెక్క సరిపోయింది, మనిషే పోయాడు.

ఏడో సీటు ఖాళీ. వెండెల్ గారిది. కెనడాలో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరై, ఒంటరిగా వచ్చాడు. వాళ్ళ నాయనమ్మ తాలూకు వాళ్ళ సమాధులు ఆ చర్చి వెనకే ఉన్నాయట. పోటుకు ముందే నాకు గుండెపోటు వచ్చేలా ఉంది.

ఒక్క బండి పట్టే రోడ్డు. బస్సు తిరగాలంటే చోటు లేదు. సంగతి వినగానే పిన్ని తన గేటు బార్లా తీసింది.

"నా బంగాళాదుంపల మడి తొక్కినా సరే, తిప్పరా!"

మడి సాంతం తొక్కించి తిప్పాను. పిన్ని మళ్ళీ ఎక్కి, తమ్ముడు డుగల్డ్‌కు ఫోన్ చేసి పడవ తెమ్మంది.

"అరగంట పడుతుందిట. లంక మీదే ఉంటే భయం లేదు, చర్చి దాకా నీళ్ళు ఏనాడూ ఎక్కలేదు. లంకకూ ఒడ్డుకూ మధ్య కాలవకు అడ్డంపడి నడిచొచ్చాడా, మనకు దక్కడు."

మేం చేరేసరికి వెండెల్ అవతలి ఒడ్డున నీళ్ళ అంచుకు దిగి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, బూట్లు చేత్తో పట్టుకున్నాడు.

"రావద్దు!" అని అరిచాం. గాలి మా అరుపులు మా నోళ్ళలోకే తోసింది. చేతులూపాం. ఆయన కూడా సంతోషంగా చెయ్యూపాడు.

ఉండబట్టలేక హారన్ మోగించాను. బస్సు వెళ్ళిపోతోందనుకున్నాడు పాపం! గబగబా దిగాడు. మోకాళ్ళు మునిగాయి. తొడలు మునిగాయి.

"ఆపరా నీ బాకా!" పిన్ని నా చెయ్యి లాగేసింది. "ఇంజనాపు. అందరూ దిగి కూర్చోండి. ఊఁ, కూర్చోమంటుంటే!"

మా వాళ్ళు పోటు తీసేదాకా ఆగాలంటే ఒడ్డున అలాగే కూర్చుంటారు. పిన్ని తడి ఇసుకలో చతికిలబడింది. మైరెడ్ కూర్చుంది. ఇరవై ఇద్దరూ వానలో, ఒక్కొక్కరే, కూర్చున్నారు. నేనూ కూలబడ్డాను.

నడుము లోతులో వెండెల్ ఆగాడు. తూలాడు. ఒక బూటు కొట్టుకుపోయింది. ఎవరూ లేవలేదు, ఎవరూ అరవలేదు. ఆయన మమ్మల్ని చాలాసేపు చూశాడు. తొందర లేదని ఎప్పటికి అర్థమైందో, మెల్లగా వెనక్కి తిరిగి, లంక మీద ఒక రాయి ఎక్కి కూర్చున్నాడు. మైరెడ్ నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

డుగల్డ్ పడవలో ఆయన్ను తెచ్చాక, దుప్పటి కప్పి ఏడో సీట్లో కూర్చోబెట్టాం.

"డ్రైవరు గారూ, నేను లేనని ఎవరికీ తెలీలేదా?" అన్నాడు, పళ్ళు టకటకమంటుంటే.

మైకు తీసుకున్నాను. ఈ ఒక్కసారి నాకు జోకు రాలేదు.

"అందరూ వినండి. ఈ అమ్మాయి పోటు అంది, మీకు ఫోటో అని వినపడింది. అది గాలి చేసిన పని. వెండెల్ గారిని వదిలేసింది మాత్రం నేను. మైరెడ్ ఇరవై మూడు తలలు లెక్కపెట్టింది, బస్సులో ఇరవై మూడే ఉన్నాయి. అందులో ఒకటి మా పిన్నిది. ఎక్కించిందీ నేనే, చెప్పనిదీ నేనే. క్షమించండి."

వెండెల్ వెనక్కి తిరిగి పిన్నిని చూశాడు.

"అయితే ఇకమీదట ఆవిడను ఎక్కించుకోరా?"

"ఎక్కించుకుంటామండీ," అంది మైరెడ్ కళ్ళు తుడుచుకుంటూ. "కానీ తలలు లెక్కపెట్టం. పేర్లు పిలుస్తాం."

"అయితే రాసుకో అమ్మాయ్," అంది వెనకనుంచి పిన్ని. "ఎఫీ. చివరి సీటు. ఆ పక్కన ఫెర్కర్ తొక్కేసిన దుంపల మడి కూడా రాయి."