జానెడు తగ్గిన పీపా

సీసాలో మందు బిళ్ళ వేసి రాదోయ్కా చాలాసేపు ఊపింది. నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి. తిరగలేదు. అంటే బడి కుళాయిలో క్లోరిన్ బొత్తిగా లేదన్నమాట. ఊరి నీటి సరఫరా సంస్థలో ఆమె పని ఇదే, కుళాయి నీళ్ళు పరీక్షించడం.

"వాసన చూశావా? నీళ్ళు పట్టుకుందామని తిప్పితే ప్లమ్ పళ్ళ సారా వస్తోంది!" అని నవ్వింది బడి వంటామె.

రాదోయ్కాకు నవ్వు రాలేదు. పిల్లలకు ఆ నీళ్ళు ఇవ్వొద్దని చెప్పి, ఇంటింటి కుళాయీ పరీక్షిస్తూ వీధి పైకి ఎక్కింది. జివోరాద్ ఇంటి దగ్గరికి వచ్చేసరికి వాసన ముక్కు బద్దలయ్యేలా ఉంది. ఆమె పెళ్ళికి సాక్షిగా నిలబడినవాడు జివోరాద్. మా సెర్బులకు ఆ బంధం తోడబుట్టినవాళ్ళ కంటే ఎక్కువ. దాన్ని చెడగొట్టుకున్న మనిషికి ఊళ్ళో విలువుండదు.

పెరట్లో ఎర్రటి మంట మీద సారా బట్టీ మరుగుతోంది. జివోరాద్ ముఖం అంతకన్నా ఎర్రగా ఉంది.

"సమయానికొచ్చావు తల్లీ! పక్కింటి మిలుతిన్ గాడు నేను సారాకని పులియబెట్టిన పళ్ళ ఊట కొట్టేశాడు. పొద్దున ఊట పీపాలోకి నీళ్ళు పడుతుంటే ఆగిపోయాయి. కాఫీ తాగొచ్చేసరికి చూడు, జానెడు తగ్గింది! కుళాయి కట్టేసి, వాడింటికెళ్ళి నాలుగు దులిపేసొచ్చాను."

కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం కొస ఇంకా ఊటలోనే మునిగి ఉంది. ఆమె దాన్ని బయటికి లాగేసింది.

"మిలుతిన్ కాదన్నయ్యా, నీ గొట్టమే దొంగ. పొద్దున కింద పగిలిన పైపు అతకడానికి మావాళ్ళు నీళ్ళు కట్టేశారు. పైపు ఖాళీ అవుతూ ఈ గొట్టంలోంచి నీ ఊటను లాగేసుకుంది. నీళ్ళు మళ్ళీ వదిలాక వీధంతా ఇప్పుడు అదే తాగుతోంది."

"పళ్ళే కదా! విషమా?"

"ఇంకా మరగని ఊట. కుళ్ళిన పళ్ళు, ఈగలు... అందులో ఏముందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"రేపు మా ఇలవేల్పు పండగ. ఇంటినిండా జనం. మీ ఆఫీసుకి ఎల్లుండి చెప్పు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

అంతమాట అనిపించుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది, భయమూ వేసింది. అతని ఎదురుగానే ఆఫీసుకు ఫోన్ చేసింది.

సాయంత్రానికల్లా వీధికి నీళ్ళు బంద్ అయ్యాయి. పైపులు కడగడానికి మనుషులొచ్చారు, తాగడానికి ట్యాంకర్ వచ్చింది. కారణం ఎవరో అందరికీ తెలిసిపోయింది. మిలుతిన్ అయితే గేటు దగ్గర కుర్చీ వేసుకుని మరీ చూశాడు.

ఇలవేల్పు పండగకి ఎవరినీ పిలవరు. పిలవకుండానే వెళ్ళాలి, వెళ్ళకపోతే తెగతెంపులే. రాదోయ్కా వెళ్ళింది. వచ్చినవాళ్ళకి జివోరాద్ తీపి గోధుమలు ఒక చెంచా, ట్యాంకర్ నీళ్ళు ఒక గ్లాసు అందిస్తూ వచ్చాడు. ఆమెకు చెంచా ఇచ్చి, గ్లాసు మాత్రం పక్కాయనకిచ్చాడు.

"నీళ్ళు ఆపేదానికి నీళ్ళెందుకులే."

గది గదంతా ఘొల్లుమంది. గోధుమలు గొంతుకు అడ్డం పడ్డా ఆమె ఎలాగో మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అది సరే, బళ్ళో ఒక్క పిల్లాడికైనా కడుపునొప్పి వచ్చిందా?" అన్నాడు జివోరాద్.

"రాలేదు."

"మరి?" అన్నాడతను, అతిథుల వైపు తిరిగి.