రెండో డిస్కు

పాలు పొంగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో నేను ముందు గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేసి, ఆయన నిన్న ఆపిన ప్లాన్ తెర మీద తెరిచి, కీబోర్డు మీద దుమ్ము తుడిచి, మళ్ళీ స్టవ్ దగ్గరికి రావాలి. స్నానానికి నీళ్ళు కాచినట్టు, చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించినట్టు, ఇదీ రోజూ ఉండే పనే. మీట నొక్కగానే నల్లటి తెర మీద రెండు వరుసలు వస్తాయి. పైన లినక్స్, కింద విండోస్. ఏది కావాలని అడిగి పది సెకన్లు ఆగుతుంది. నేను కింది బాణం నొక్కి ఆయనది తెరుస్తాను. ఈ ఇంట్లో నన్ను ఏది కావాలని అడిగేది అదొక్కటే.

ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీరు. గేటు మీద బోర్డు అలాగే ఉంటుంది. సైటుకు వెళ్ళి కొలతలు తెస్తారు, వచ్చినవాళ్ళతో మాట్లాడతారు, అయిపోయిన కాగితం కింద సంతకం పెడతారు. గీసేది నేను. పెళ్ళయిన ఆర్నెల్లకు ఆయన దగ్గర పనిచేసే డ్రాఫ్ట్స్‌మన్ మానేశాడు. "కొత్తవాడు దొరికేదాకా కాస్త నువ్వు కూర్చో. గీతలు గీయడమే కదా, కూరలు తరిగే చేతికి అదెంత?" అన్నారు. ఐదేళ్ళయింది. కొత్తవాడు ఇంకా దొరకలేదు.

మా ఊరి బడిలో ఒకే ఒక్క కంప్యూటర్ ఉండేది. హెడ్మాస్టరు గారి గదిలో, పూల గుడ్డ కప్పుకుని. వారానికోసారి దాన్ని తుడవడం నా వంతు. గుడ్డ తీసి, తుడిచి, మళ్ళీ కప్పేదాన్ని. నేను బడి వదిలే రోజు దాకా అది వెలగగా చూడలేదు. బహుశా అందుకే, ఇక్కడికి వచ్చాక వెలుగుతున్న తెర ముందు కూర్చోమంటే, అది కూడా ఒక చాకిరీ అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండేళ్ళ కిందట పాత కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది. మూడంతస్తుల ఇల్లు తెరిస్తే మెట్లు ఒక్కొక్కటే కనిపించేవి. కొత్తది కొందామన్నారు ఆయన. విడి భాగాలు తెప్పించి మనమే బిగించుకుంటే మంచిది వస్తుందని నేనన్నాను. ఆయన నవ్వారు. "నువ్వా? మొన్న మిక్సీ మూత బిగించడానికి నన్ను పిలిచావు."

నాలుగు నెలలు చదివాను. కూర కలుపుతూ, ఫోను శబ్దం బాగా తగ్గించి, బిగించేవాళ్ళ వీడియోలు చూశాను. పాడైన ప్లాన్ కాగితాల వెనక జాబితా రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను. ప్రాసెసర్ పిన్నులు మదర్‌బోర్డు గుంటల్లో సరిగ్గా పడాలి. ర్యామ్‌ని బోర్డు ఒప్పుకోవాలి. పవర్ సప్లై అందరికీ సరిపోవాలి, ఇంకాస్త మిగలాలి. డబ్బా ముందు నుంచి చల్లగాలి వచ్చి వెనక నుంచి వేడి పోవాలి. ఏ రెండింటికి పొసగకపోయినా మొత్తం వెలగదు. నా పెళ్ళికి ఇన్ని ఎవరూ చూడలేదు. అబ్బాయి ఇంజనీరు, పిల్ల నెమ్మదస్తురాలు అన్నారు, అయిపోయింది.

జాబితాలో డిస్కులు మాత్రం రెండు రాశాను. అరచేతిలో పట్టేంత పలచటి బిళ్ళలు. "రెండెందుకు? నీకొకటీ నాకొకటీనా?" అని ఆయన పగలబడి నవ్వారు. "ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది" అన్నాను. అబద్ధం కాదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా బిగించాను. ముందు గదిలో బల్ల లేదు. అత్తయ్య కుట్టుమిషను ఉంది, తల కిందికి మడిచేసి పైన పలక మూసినది. "దాని మీదే పెట్టుకో, ఎలాగూ అది చేసే పనేం లేదు" అంది ఆవిడ. స్క్రూడ్రైవర్ కూడా మిషను సొరుగులోంచి తీసిచ్చింది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు శనగగింజంత పెట్టి, ఫ్యాను బిగించి, తీగలన్నీ వాటి వాటి చోట గుచ్చి మీట నొక్కాను. ఏమీ కాలేదు. ర్యామ్ ఒక పక్క పూర్తిగా దిగలేదు. రెండు బొటనవేళ్ళతో గట్టిగా అదిమాను. టక్కుమంది. ఫ్యాను తిరిగింది. అత్తయ్య ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది. ఆయన లేచాక ఫోటో తీసి స్నేహితులకు పంపారు, "ఇంట్లోనే అసెంబుల్ చేశా" అని. తరవాత తరవాత ఆయన అది నిజమనే నమ్మారు.

ఆయన ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. అది ఒక డిస్కు మీద వేశాను. రెండో దాని మీద, విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపేదే, కానీ ఎవరినీ అడగక్కర్లేకుండా ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాను. అక్కడా గీసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మొదట్లో చేతులు తడబడ్డాయి. తరవాత మధ్యాహ్నం పూట, గిన్నెలు కడిగాక, ఆయన సైటులో ఉన్నప్పుడు, ఆ రెండో వైపుకి వెళ్ళడం అలవాటైంది. ఆయన చెప్పినట్టు గీసి ఇచ్చిన ప్రతి ఇంటినీ అక్కడ నేను మళ్ళీ గీసేదాన్ని, నాకు తోచినట్టు. వంట చేసే మనిషికి గాలి తగిలేట్టు. బట్టలు ఆరేసే చోటికి రెండు గుమ్మాలు దాటక్కర్లేకుండా. పడుకున్న ముసలావిడకు వీధి కనిపించేట్టు. గీస్తున్నంతసేపూ కింద మిషను తొక్కుడు పలక మీద నా పాదం దానంతటది ఊగేది. నలభై ఒక్క ఇళ్ళు అయ్యాయి. ఒక్కటీ ఎవరూ కట్టలేదు. కింద 'గీసినవారు' అన్న చోట ఖాళీగా వదిలేసేదాన్ని. పేరు రాసుకోవాలని కూడా తోచలేదు.

పాస్‌వర్డ్ కూడా పెట్టుకోలేదు. నేను తప్ప ఎవరూ ఆన్ చేయని కంప్యూటర్‌కి తాళమెందుకు? పది సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే, కిందటిసారి ఏది తెరిచామో దాన్నే మళ్ళీ తెరవమని పెట్టాను. ఎవరూ నొక్కని రోజు వస్తుందనుకోలేదు.

ఈ రోజు వచ్చింది. నర్సు గారు డ్యూటీకి వెళ్తూ, చెప్పిన టైము కన్నా గంట ముందే వచ్చింది. ఇరుకు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటోంది. కిందటిసారి వచ్చినప్పుడు వంటగది వీధి వైపు కావాలని అడిగితే, "ముందు వంటగది ఏం బాగుంటుందండీ, చూసేవాళ్ళు నవ్వుతారు" అని ఆయన వెనక్కి నెట్టేశారు. నేను పాల దగ్గర ఉన్నాను. "కాఫీ" అని ఒక కేక వినిపించింది. ఆ వెంటనే మీట చప్పుడు. పరుగెత్తబోయాను. పాలు పొంగాయి. స్టవ్ ఆపి, మసిగుడ్డ చేతిలో అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి పది సెకన్లు అయిపోయాయి.

నిన్న చివరగా తెరిచింది నా వైపే. తెర మీద నా నలభై ఒక్క ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఆయన మౌసు పట్టుకుని, తెలియని వీధిలో దిగిన మనిషిలా చూస్తున్నారు.

"అదిగో, 'నర్సు గారి ఇల్లు' అనుంది. నాదేగా, తెరవండి" అందావిడ.

తెరిచారు. ఆవిడ ముందుకు వంగింది. వేలు తెరకు తగిలేంత దగ్గరగా పెట్టి గది గది తిరిగింది. "ఇదేనండీ నేనడిగింది! వీధి వైపు వంటగది, కిటికీ. కుదరదన్నారుగా మరి?"

"ఏదో మీ కోసం కూర్చుని ఆలోచించానండీ" అన్నారు ఆయన. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పొయ్యి గట్టు ఎత్తు మూడంగుళాలు తగ్గించాలని రాశారు. ఎందుకు?"

ఆయన తెరను చూశారు. ప్లాన్ల కోసం వచ్చినవాళ్ళ ముందు మాట్లాడకూడదని ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాను. అయినా నోరు దానంతటది కదిలింది.

"మీరు కాస్త పొట్టి కదండీ. మామూలు ఎత్తయితే తరిగేటప్పుడు భుజం పైకి లాగుతుంది. కిందటిసారి మీరు కుడి భుజం నొక్కుకుంటూ కూర్చున్నారు."

నర్సు గారు కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగింది. ఆయన నవ్వేశారు. "విన్నారా? వంటగదుల స్పెషలిస్టు మా ఇంట్లోనే ఉంది. ఇలాంటివన్నీ దాన్నే అడుగుతుంటాలెండి."

ఆవిడ నవ్వలేదు. కాఫీ తాగి, గ్లాసు అక్కడే వదిలేయకుండా వంటింటి దాకా తెచ్చి నా చేతికిచ్చింది. "రెండింటికి నా డ్యూటీ అయిపోతుందమ్మా" అంది నెమ్మదిగా. "ఆసుపత్రి వెనక వీధి, నీలం గేటు. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళింది. దాని కంప్యూటర్ గుడ్డ కప్పి పడుంది. ముట్టుకునేవాళ్ళు లేరు." అంతే అని వెళ్ళిపోయింది.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. వంటింట్లోకి వచ్చి నా బుగ్గ మీద చిన్నగా తట్టారు. "ఎన్నాళ్ళుగా దాచావే ఇవన్నీ? బాగా గీశావ్."

ఐదేళ్ళలో మొదటిసారి ఆ మాట. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గులేకుండా.

"దీని కింద నా పేరు వేసి ప్రింటు తీసెయ్. మిగతా నలభై కూడా నా వైపు ఎక్కించు, ఎవరికైనా పనికొస్తాయి. ఎక్కించాక ఆ రెండోది తుడిచెయ్. నా కంప్యూటర్‌లో నాకు తెలియని గది ఉండటం ఏంటి, విన్నవాళ్ళు నవ్వుతారు. సాయంత్రానికి అయిపోవాలి."

"అవి నేను..." అన్నాను.

"నువ్వే. కాదన్నానా? మనలో మనకి నీదీ నాదీ ఏంటే, పిచ్చిదానా." చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వి, సైటుకు వెళ్ళిపోయారు.

గిన్నెలు కడిగాను. బట్టలు ఆరేశాను. ఒంటిగంటకు మిషను ముందు కూర్చుని, ఆయన చెప్పినట్టే, నలభై ఒక్క ఇళ్ళనూ ఎంచి అటు కాపీ పెట్టాను. తెర మీద చిన్న పట్టీ నిండుతోంది. ఒక ఇల్లు వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. రేపు పొద్దున్న మీట నొక్కితే రెండు వరుసలుండవు. నేరుగా ఆయనది తెరుచుకుంటుంది. మధ్యాహ్నం గిన్నెలయ్యాక నేనెక్కడికి వెళ్ళాలి? పడగ్గదిలో ఆయన బట్టలున్నాయి. వంటింట్లో పనుంది. ముందు గదిలో ఆయన కుర్చీ ఉంది. ఇన్ని ఇళ్ళు గీశాను, కొలతలన్నీ నాకు తెలుసు. ఈ ఇంట్లో నాకోసం చదరపు అడుగు కూడా ఎక్కడా కనిపించలేదు, ఆ అరచేతి బిళ్ళలో తప్ప.

అత్తయ్య ఎప్పుడొచ్చిందో, వెనక నిలబడి ఉంది.

"మీ మావయ్యా అరవలేదే అమ్మాయ్" అంది. "వీధిలో సగం మంది రవికలు దీని మీదే కుట్టేదాన్ని. ఒకరోజు నవ్వుతూనే వచ్చారు. నువ్వింత కష్టపడితే నాకు చిన్నతనంగా ఉందోయ్, ఇక చాల్లే అన్నారు. ప్రేమేననుకుని తల కిందికి మడిచేశాను." మిషను పలక అంచును బొటనవేలితో ఒకసారి రుద్ది, వెళ్ళిపోయింది.

కాపీని ఆపేశాను. అటు వెళ్ళిన ఇళ్ళను అక్కడ చెరిపేశాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీశాను. పక్క రేకు విప్పాను. నా చేత్తో కట్టిన తీగలు, ఏది ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. రెండు తీగలు లాగి, నాలుగు స్క్రూలు విప్పి, డిస్కు బయటికి తీశాను. తేలిగ్గా ఉంది, నలభై ఒక్క ఇళ్ళు ఉన్నట్టే లేదు. పాత తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. రేకు మళ్ళీ బిగించి మీట నొక్కి చూశాను. ఏది కావాలని అడిగేది నా డిస్కే. అది లేదు కనక ఏమీ అడగకుండా నేరుగా విండోస్ వచ్చింది. ఆయనవన్నీ ఆయనకున్నాయి. వంటగదిని వెనక్కి నెట్టిన నర్సు గారి పాత ప్లాన్ తెర మీద తెరిచి పెట్టాను. అందులో మెట్లు గీయడం ఇంకా మిగిలి ఉంది. కీబోర్డు తుడిచాను.

ప్లాన్‌లో ప్రతి తలుపు దగ్గరా ఒక పావు వృత్తం గీస్తాం, అది ఎటు తెరుచుకుంటుందో తెలియడానికి. మా వీధి తలుపు లోపలికి తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ పావు వృత్తంలోనే అత్తయ్య పీట వేసుకుని కూర్చుంటుంది, కిటికీ వెలుతురు అక్కడే పడుతుందని. ఆవిడ జరిగితే గానీ తలుపు రాదు. ఐదేళ్ళుగా ప్రతిసారీ ఎక్కడికే అమ్మాయ్ అని అడిగింది, ఎంతసేపు అని అడిగింది, నేను ఉప్పనో సబ్బనో చెప్పాకే జరిగింది.

ఇప్పుడూ అక్కడే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను చెప్పులు వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. నా ముఖం చూసింది, సంచి చూసింది. పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని, పీటను గోడ వైపు లాక్కుంది.

తలుపు పూర్తిగా తెరిచి నేను బయటికి నడిచాను. ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.